ఉపమాలంకారానికి సొంత ఉదాహరణ

మొన్న ఆదివారం నుంచి నాకు ఒకచోట కాలు నిలవడం లేదు. జనగామలో మా ఇల్లెంత, నాలుగు గదులు, ఆ నాలుగింట్లోనే వంటింటి నుంచి వాకిట్లోకి, వాకిట్లో నుంచి మళ్లీ వంటింట్లోకి తిరుగుతున్నాను, పొయ్యి మీద పాలు రెండుసార్లు పొంగబెట్టాను. కారణం చెబితే నవ్వుతారు. తొమ్మిదో తరగతి చదివే మా మనవరాలు నోటు పుస్తకం పట్టుకొని వచ్చి, ఉపమాలంకారానికి సొంత ఉదాహరణ రాసుకు రమ్మన్నారు, నువ్వు తెలుగు టీచరుగా చేశావు కదా అమ్మమ్మా, ఒకటి చెప్పు అని అడిగింది. అంతే.

మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, అలంకారాలంటే మనకు లక్షణం, లక్ష్యం, సమన్వయం, ఈ మూడూ ఒక్క గుక్కలో అప్పజెప్పడమే. ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం అని వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ మా తండా నుంచి నర్సింహులపేట బడికి నడిచేవాళ్లం. ఇంట్లో మా లంబాడీ భాషే, తెలుగు బడికి వచ్చాక నేర్చుకున్నదే, అయినా ఆ పేర్లంటే నాకు చెప్పలేనంత మోజు. ఉత్ప్రేక్ష, అతిశయోక్తి, అర్థాంతరన్యాసం అని గొణుక్కుంటూ పేడ ఎత్తుతుంటే మా యాడి, అంటే మా అమ్మ, ఈ పిల్లకేమైందన్నట్టు చూసేది.

మా తెలుగు సారు మంచి మనిషి, ఆ మాట ముందే చెప్పాలి. పుస్తకంలోని చంద్రబింబం ముఖాలు చాలు, మీ ఇంటి మాటల్లో నుంచి ఒక్క ఉపమ తెండి అన్నాడు ఒకరోజు. అందరూ తలలు గోక్కుంటుంటే నాకు మా అక్క పెళ్లి గుర్తొచ్చింది. మా తండాల్లో పెళ్లికూతురు అత్తవారింటికి బయలుదేరేటప్పుడు తల్లీ బిడ్డా ఒకరి మెడ ఒకరు పట్టుకొని రాగం తీసి ఏడుస్తారు, దాన్ని ఢావ్లో అంటాం. అందులో మాటలు ఎవరి కడుపులోవి వాళ్లవే. ఆ రోజు మా యాడి అక్కను పట్టుకొని, విత్తులు చల్లేసిన బుట్టలాగ నా ఒడి ఖాళీ అయిందని ఏడ్చింది. నేను దాన్నే తెలుగులోకి మార్చి చెప్పాను. సారు సుద్దముక్క నా చేతికిచ్చి నల్లబల్ల మీద రాయమన్నాడు. ఒడి ఉపమేయం, బుట్ట ఉపమానం, ఖాళీ కావడం సమానధర్మం, లాగ ఉపమావాచకం. ముక్కలుగా విడదీసి కింద గీతలు కూడా గీశాను. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. మీ అమ్మ ఎట్లా పాడిందని వెనక బెంచీ నుంచి ఎవరో అడిగితే, ఆ మెప్పు తలకెక్కి, కళ్లు ఒత్తుకుంటూ రాగం తీసి మరీ చూపించాను. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను.

ఆ నవ్వు బడిలో ఆగలేదు. సంత రోజు మా యాడి సీతాఫలాల గంప నెత్తిన పెట్టుకొని బడి గోడ పక్క నుంచి పోతుంటే, మా క్లాసు మగపిల్లలు అదే రాగం తీసి బుట్టలాగ, ఒడిలాగ అని వెంటబడ్డారట. సాయంత్రం నేను ఇల్లు చేరేసరికి ఆమె జొన్నరొట్టెలు చేస్తోంది. తిట్టలేదు, కొట్టలేదు. పెనం మీద రొట్టె తిరగేసి, నా వైపు చూడకుండానే ఒక్క మాట అన్నది.

"గది ఏడ్సేటప్పుడు వచ్చే మాట బిడ్డా. బల్ల మీద రాసేది కాదు."

ఆ మాట ఆమె తెలుగులో అన్నది. దుకాణం వాళ్లతో, పట్వారీతో మాట్లాడే తెలుగు అది. అంతకుముందు నాతో ఎన్నడూ తెలుగులో మాట్లాడలేదు.

తర్వాత అంతా మామూలే. జడ వేసింది, కడుపు నిండా పెట్టింది, తండా అంతా వద్దన్నా టీచరు ట్రైనింగుకు పంపింది. కానీ నా పెళ్లి దగ్గరపడుతున్న కొద్దీ నాకొకటే గుబులు, యాడి నా కోసం ఢావ్లో ఎత్తుకుంటుందా లేదా అని. బయలుదేరే వేళ నేనే ఆమె మెడ పట్టుకొని రాగం తీశాను. నాలుగు మాటలు ఏడ్చి, ఆమె అందుకుంటుందని ఆగాను. అందుకోలేదు. వీపు నిమిరింది, నిమురుతూనే ఉంది, కళ్ల నిండా నీళ్లున్నాయి, నోరు మాత్రం విప్పలేదు. చూడలేక మా పెద్దమ్మ వచ్చి నన్ను తన వైపు తిప్పుకొని మా యాడి వంతు తాను ఏడ్చింది.

నెల్లికుదురులో ఉద్యోగం చేస్తూ సెలవులకు తండాకు పోయినప్పుడల్లా, తప్పయింది యాడీ అని చెప్పాలనుకొనేదాన్ని. పక్కన కూర్చుంటే ఆమె పల్లీలు వొలుస్తూ వానల సంగతో మేకల సంగతో ఎత్తేది, నేనూ అందులో పడిపోయేదాన్ని. అట్లా అనుకుంటుండగానే ఆమె కన్నుమూసింది. నేను అన్నేళ్లు అలంకారాలు చెప్పాను గానీ, ఏ పిల్లనూ ఇంటి నుంచి ఉదాహరణ తెమ్మనలేదు. చంద్రబింబం ముఖంతోనే ఉద్యోగమంతా వెళ్లదీశాను.

ఇప్పుడు మా తండా పెళ్లిళ్లలో పిల్లను సాగనంపేటప్పుడు డీజే పెడుతున్నారు. ఏడిస్తే ముఖానికి వేసుకున్నది కారిపోతుందని పిల్లలు జాగ్రత్తపడతారు, తల్లులూ ఫోటోలకు నిలబడతారు. నేను తప్పుపట్టను, తప్పుపట్టే హక్కు నాకెక్కడిది. మనవరాలు నా కోసం చూసి చూసి, ఫోన్లో దొరికిందేదో రాసుకొని వెళ్లిపోయింది.

నేను మాత్రం అక్క పెళ్లినాటి ఆ ఒక్క మాట మా యాడి ఎట్లా అన్నదో, మా భాషలో, ఆమె గొంతులో, గుర్తు తెచ్చుకుందామని ఈ గదులన్నీ తిరుగుతున్నాను. ఉపమేయమేదో ఉపమానమేదో ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. విత్తులు, బుట్ట, ఒడి, అన్నీ వస్తున్నాయి, అన్నీ ఆ రోజు నేను బల్ల మీద రాసిన తెలుగులోనే వస్తున్నాయి.