సంబంధం గడిలో నేను రాసిన పేరు

ఫిట్టరన్న పోయాడు. సౌదీలో జుబైల్ లేబర్ క్యాంపులో ఎనిమిదేళ్లు నా పక్క మంచం ఆయనది. పైపుల దగ్గర పని చేస్తూ ఛాతీ పట్టుకుని కూర్చున్నాడట. ఆసుపత్రికి చేరేసరికే అయిపోయింది. మన సహవాసంలో చాలామంది ఆయన్ని ఎరుగుదురు. ప్రార్థనకు రాడు గానీ, మనం పాడుతుంటే మంచం మీద పడుకుని కాలు ఊపేవాడు.

ఆయనది నిజామాబాద్ వైపు, గోదావరి ఒడ్డు పల్లె. పెళ్లి చేసుకోలేదు. ఊళ్లో ఆయన కట్టిన ఇంట్లో ఒక దర్జీ ఉంటాడు. పాతికేళ్లుగా ఇద్దరిదీ ఒకటే కాపురం. రోజూ పని దిగగానే ఫోను: "తిన్నవా? ఏం కూర?" ఆ సంగతి మా గది తలుపు దాటలేదు. ఇప్పుడు దర్జీని అడిగే రాస్తున్నాను.

నేనో, పని దిగాక గదిలో పాస్టర్ని! వాక్యం చేతిలో, నిప్పు నాలుక మీద. శుక్రవారం ప్రసంగాలన్నీ ఆయన మంచం వైపు తిరిగే చెప్పాను. అంతా విని ఆయన లేచి స్టవ్వు వెలిగించేవాడు. "బాగ చెప్పినవ్ పాస్టరూ. గొంతెండింది, చాయ్ తాగు."

ఆయనకు ఢిల్లీ పెద్ద కోర్టు పిచ్చి. మగవాళ్లిద్దరి పెళ్లిని చట్టం ఒప్పుకోవాలని కేసు నడుస్తున్న రోజులవి. పైపుల మీద గీతలు గీసే చాక్‌తో బీరువా తలుపు మీద జడ్జీల రిటైర్మెంట్లు రాసుకునేవాడు. ఎవరు దిగిపోతున్నారు, ఆ కుర్చీలోకి ఎవరొస్తారు, పేర్లు పంపేదెవరు, ఒప్పుకునేదెవరు, అన్నీ చెప్పేవాడు. "సట్టం పుస్తకంల ఉంటదంటరు గని పాస్టరూ, సదివేది మనిషే గదా. ఆ మనిషిని కుర్సీల ఎవరు కూసోబెడ్తున్నరో సూడాలె."

"ఏం కాకా, లగ్గం పత్రికలు కొట్టిస్తున్నవా?" అని కరీంనగర్ మేస్త్రీ ఎగతాళి చేస్తే, "ముందుగాల నీకే ఇస్త బిడ్డా. పీటలు నువ్వే మొయ్యాలె" అన్నాడు. గదంతా నవ్వింది. నేను నవ్వలేదు.

తీర్పు వచ్చిన రోజు చెవుల్లోంచి ఫోను తీగలు తీసి, "మాతోని కాదన్నరు. పార్లమెంటు సూసుకోవాల్నట" అన్నాడు. కాసేపటికి, "పార్లమెంటంటే ఓటే గదా. ఈసారి ఊరికి పోయి ఓటేసొస్త" అన్నాడు.

పోలేకపోయాడు. సౌదీ వాళ్లను సరిపడా ఉద్యోగాల్లో పెట్టుకోక మా కంపెనీ సర్కారు వారి నితాఖత్ లెక్కలో ఎర్ర జాబితాలో పడింది. పరదేశి పనివాళ్ల మీద వేసే లెవీ కట్టలేక మా ఇకామాలు, అంటే అక్కడ ఉండే అనుమతి కార్డులు, రెన్యువల్ చేయలేదు. ఇకామా లేనివాడికి ఊరెళ్లే కాగితం ఇవ్వరు. ఎన్నికలు ఆయన ఫోనులోనే జరిగిపోయాయి.

ఇక నా పాపం చెబుతాను. గదిలో అందరి ఫారాలు నింపేది నేనే. కంపెనీ కొత్త ఫారం ఇచ్చింది: ప్రాణాపాయం వస్తే ఎవరికి ఫోను చేయాలి, సంబంధం ఏమిటి. ఫిట్టరన్న దర్జీ పేరు చెప్పాడు. "సంబంధం?" అన్నాను. "నీకు ఎర్కే గదా. నీకేది మంచిగనిపిస్తే గది రాయి" అన్నాడు.

స్నేహితుడని రాసినా సరిపోయేది. నేను రాయలేదు. పదేళ్లుగా మాటల్లేని తమ్ముడి పేరు రాసి, "రక్తసంబంధమే నిలుస్తుందన్నా" అన్నాను. ఆయన ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత సంతకం పెట్టాడు.

ఆయన పోయిన రోజు కంపెనీ ఆ నంబరుకే ఫోను చేసింది. తమ్ముడు "ఆడనే పూడ్సిపెట్టుండ్రి" అని సాయంత్రంలోపు సమ్మతి పత్రం పంపేశాడు. దర్జీకి తెలిసింది మర్నాడు, ఎవరో పంపిన వాట్సాప్ ఫోటో చూసి. ఖర్చంతా తానే పెట్టుకుంటానని, శవాన్ని ఇంటికి పంపమని ఆఫీసుకు ఫోను చేసి ఏడ్చాడు. "నువ్వు ఆయనకు ఏమవుతావు?" అని ఆఫీసు వాళ్లు అడిగారు. ఆ ప్రశ్నకు కోర్టు జవాబివ్వలేదు, ఓటు ఇవ్వలేదు. చట్టం ప్రకారం సంతకం హక్కు తమ్ముడిదే కావచ్చు. కానీ మొదటి ఫోను దర్జీకి వెళ్లి ఉంటే, ఆ పత్రం రాకముందే తమ్ముడి కాళ్లు పట్టుకునేవాడు. ఆ ఒక్క పూట వ్యవధిని నేను పోగొట్టాను. గాయపడినవాణ్ణి చూసి దారి పక్కకు తప్పుకుపోయిన యాజకుడి మీద ఎన్ని ప్రసంగాలు చేశాను, సహోదరులారా! వాక్యం మీద నా నమ్మకం చెక్కుచెదరలేదు. ఆ గడి మాత్రం నాది కాదు.

పూడ్చేరోజు దర్జీ వీడియో కాల్ చేశాడు. గుండు చేయించుకుని, మొలలోతు గోదావరిలో నిలబడి ఉన్నాడు. నేను ఫోను గుంట మీదకు వంచాను.

"కనబడుతున్నాడా అన్నా?"

"లేదన్నా. ఇసుకే కనబడ్తుంది. జర గట్లనే పట్టుకో."

రెండు చేతులతో పట్టుకున్నాను. చివరి పార ఇసుక పడ్డాక కూడా ఆ తడి గుండు తెర మీద అలాగే ఉంది.