జావా నడికట్టు

కాన్పు అయ్యాక మొదటి పది రోజులూ నా పొట్ట నాది కాదు, మా అమ్మది. పొద్దున్నే ఆవిడ అండాడు నీళ్లు మరగబెట్టి, నన్ను పీట మీద కూలేసి, వీధి మెట్లు కడిగినట్టు నా నడుం మీద విసిరికొట్టేది. తర్వాత చెవుల్లో దూది, తలకు గుడ్డ, మంచం కింద సాంబ్రాణి పొగ, నోట్లో మిరియాలూ శొంఠీ బెల్లం కలిపిన నల్లటి కాయం ముద్ద. పాలు పడాలని మధ్యాహ్నం జాలరిపేట నుంచి పాలసొర చేప. పొట్టకు మాత్రం ఆవిడ పాత నైలాన్ చీర చుట్టేది. రెండడుగులు వేస్తే అది మోకాళ్ల మీదికి జారేది. నడికట్టు అనుకుని కట్టిందిగానీ అది కాలికి బంధమే.

ఈ పని నిజంగా తెలిసిన మనిషి మా పుట్టింట్లోనే ఇంకొకతె ఉంది. మా తమ్ముడి భార్య. తమ్ముడు ఓడల్లో ఫిట్టరు. జావాలో ఓ రేవులో ఓడ మరమ్మతుకు ఆగినప్పుడు అక్కడి చర్చిలో ఈ పిల్లను చూశాడు. పెళ్లయి మూడేళ్లు. ఆమె తెలుగంతా మల్కాపురంలో మా వీధిలోనే నేర్చుకుంది కాబట్టి అచ్చం మా అమ్మలాగే మాట్లాడుతుంది, తిట్లు తప్ప.

వచ్చిన కొత్తలో ప్రతి శనివారం బియ్యప్పిండి, పసుపు, గంధం, మల్లెపూలు కలిపి నూరి ఒళ్లంతా పట్టించుకునేది. ఆరాక రుద్ది రాల్చి, పెరుగు పూసుకుని కడుక్కునేది. దాన్ని వాళ్లు లులూర్ అంటారట, పెళ్లికూతుళ్లకు రోజుల తరబడి చేస్తారట. "నలుగే కదేటి! దీనికి సముద్రం దాటి రావాలేటి?" అంది అమ్మ. అంది గానీ నెల తిరిగేసరికి ఆవిడ మోచేతుల నలుపు వదిలింది. ఇక వీధిలో ఆడవాళ్లంతా మా పెరట్లో పచ్చపచ్చగా వరసకట్టి కూర్చునేవారు. మరదలు పసుపూ చింతపండూ బెల్లం మరిగించి జాము అని ఒక కషాయం ఇస్తే, "సారే ఇది. పోపెయ్యడం మర్సిపోనావు" అని అమ్మ తీర్పిచ్చింది. గ్లాసు మాత్రం ఖాళీ చేసింది.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. మా ఇంట్లో సముద్రం దాటొచ్చిన చెట్టు కూడా పనికిరాలేదు. మరదల్ని అమ్మ నా గదిలోకి రానివ్వలేదు. నిరుడు ఏడో నెలలో ఆమె బిడ్డ కడుపులోనే పోయింది.

"సచ్చిన బిడ్డని కన్నాది బాలింతని ముట్టుకోకూడదు. పసిగుంటకి మంచిది కాదు" అంది అమ్మ.

మా అమ్మ చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద. శకునాలు చూసేవాళ్లను మోకాళ్ల మీద కూర్చోబెట్టి పశ్చాత్తాపపడేదాకా వదలని మనిషి. ఈ మాట బైబిల్లో ఎక్కడుందో చూపించమన్నాను. "అన్నీ రాసుంటాయేటి!" అంది.

మరదలు నా అన్నం పళ్లెం గడప మీద పెట్టి, పాప కోసం మెడ మాత్రం లోపలికి చాపేది. అడుగు లోపల పెట్టేది కాదు. నాకు ఒళ్లు మండిపోయేది. కానీ అమ్మతో తగువు పెట్టుకోవాలంటే ముందు లేచి కూర్చోగలగాలి కదా.

ఆదివారం అమ్మ చర్చికి వెళ్లింది. మా పాస్టరుగారు "చివరిగా ఒక్క మాట" అన్నాక కూడా మనం హాయిగా ఒక కునుకు తీసి లేవచ్చు. ఆ ధైర్యంతోనే మరదల్ని పిలిచాను.

"అత్త సంపేత్తాది ఒదినా."

"నాను సూసుకుంటాను. రా."

ఆమె తన పెట్టెలోంచి జానెడు వెడల్పూ పది గజాల పొడవూ ఉన్న నేతగుడ్డ తెచ్చింది. నిమ్మరసంలో సున్నం కలిపి, నీలగిరి తైలం చుక్కలేసి నా పొట్టకు పట్టించింది. నన్ను గోడకు ఆనించి నిలబెట్టి, తుంటి దగ్గర మొదలుపెట్టి, ఒక్కో చుట్టుకూ ముందువైపు మెలేసి బిగిస్తూ పక్కటెముకల దాకా జడ అల్లినట్టు అల్లుకొచ్చింది. "గాలొదులు ఒదినా. ఇంకా" అంటూ, నేను ఊపిరి వదిలినప్పుడల్లా ఒక మెలిక. పది రోజులుగా లోపల అటూ ఇటూ దొర్లుతున్న సరుకంతా ఎక్కడిదక్కడ సర్దుకుంది. నడుం నొప్పి పోయింది. ప్రాణం లేచొచ్చింది. అప్పుడు నేనే పాపను ఆమె చేతుల్లో పెట్టాను, అంటే ఎత్తుకోమన్నాను, ఆ కట్టుతో నాకు వంగడం కుదరదు కదా.

ఆవేళే పాస్టరుగారి గొంతు పోవాలా? అరగంటలో ముగించి అందరినీ పంపేశారట. చంకలో బైబిలుతో అమ్మ గుమ్మంలో నిలబడింది.

"ఓలమ్మా! ఏటే ఇది? ఇప్పు! ముందా గుంటని ఇలాగియ్యి!"

మరదలు పాపను ఇచ్చేసి, నా నడుం మీద మెలికలు వెతకసాగింది. నేను ఆమె చేతులు పట్టుకున్నాను.

"ఇప్పనివ్వను. పది రోజుల్లో ఇయ్యాలే సరిగ్గా నిల్సున్నాను. నీ నైలాను సీర నువ్వే కట్టుకో."

అమ్మ దగ్గరికొచ్చి, వంక వెతకడానికే, ఆ అల్లికలో వేలు దూర్చబోయింది. దూరలేదు. పని తెలిసిన మనిషికి మంచి పని చూస్తే నోరు దానంతటదే మూతపడుతుంది. గుడ్డ కొస పట్టుకుని చూస్తూ అడిగింది.

"ఈ గుడ్డెక్కడిదే?"

"మాయమ్మ పంపినాది అత్తా. నిరుడు. నాకే." మరదలు నేల చూస్తూ చెప్పింది. "మీ అత్త కడతాది, ఎలాగ కట్టాలో నాను ఫోన్లో సెప్తాను అన్నాది."

నిరుడు ఆస్పత్రి నుంచి వచ్చిన మూడో రోజున ఆమె బకెట్టెడు బట్టలు ఉతికింది. బిడ్డ లేని బాలింతకు కూడా నడుం ఉంటుందని ఎవరికీ తోచలేదు. అమ్మను తప్పుపట్టి ఏం లాభం? నేను దువ్వాడలో మా అత్తారింటి నుంచి అరడజను కమలాలతో వచ్చి, అరగంట కూర్చుని, దేవుడి చిత్తమని చెప్పి, బస్సుకు ఆలస్యమైందని లేచిపోయాను. ఆవేళ ఆమె రవిక పాలతో తడిసి ఉంది. చూశాను, చూడనట్టు తల తిప్పుకున్నాను. తల్చుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంటుంది.

అమ్మ పాపను పక్క మీద పడుకోబెట్టి వంటింట్లోకి వెళ్లింది. పొయ్యి మీద అండా పెట్టిన చప్పుడైంది. నా స్నానం పొద్దున్నే అయిపోయింది. నీళ్లు మరిగాక ఆవిడ వచ్చి మరదలి రెక్క పట్టుకుని స్నానాల గదిలోకి లాక్కుపోయింది.

"నాకెందుకత్తా? ఏడాదైపోనాది."

"నోర్ముయ్. ఇటు తిరుగు."

నీళ్లు పడ్డాయి. మరదలు కెవ్వుమంది. ఆ తర్వాత గొంతు తెంపుకుని ఏడ్చింది. ఈ ఏడాదిలో ఆమె ఒక్కసారైనా అలా ఏడ్చిందని నేను వినలేదు.

"ఏడువు" అంటోంది అమ్మ. మళ్లీ నీళ్లు కుమ్మరించిన చప్పుడు. "ఏడువు. ఎవులూ ఇనరు."

పక్క మీద పాప పాలకు లేచి గుక్కపట్టింది. ఎత్తుకుందామంటే నేను వంగలేను. అయినా ఎవరినీ పిలవలేదు.