సూర్యలంక దాకా వేసిన ట్రయలు

మీకు నేనెవరో తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళకు చెప్పే ధైర్యమే ఉంటే ఈ రాత అక్కరలేదు. ఏళ్ళ తరబడి ఒక మాట గుండెల మీద కూర్చుని ఉంది. చాలా చిన్న మాట.

తెనాలిలో నాకు కార్ల షెడ్డు ఉంది. రేపల్లె నుంచి దానియేలు అన్న తన పాత కారు తెచ్చి నాకు అప్పగించాడు. అద్దెకు తిప్పుకునే కారు. ఆ ఇంటికి అదే ఆధారం. వెనక చక్రాల నడుమ ఉండే హౌసింగులో పళ్ళచక్రాలు అరిగిపోతే క్రౌను, పినియను రెండూ కొత్తవి వేశాను. కొత్త పళ్ళు ఒకదానికొకటి అలవాటు పడాలి. ఖాళీ బండిని మెల్లగా కొంతదూరం తోలి, ఆపి, హౌసింగు పూర్తిగా చల్లారాక మళ్ళీ తోలాలి. కొన్నాళ్ళు బరువు ఎక్కించకూడదు. ఆ మొదటి తిప్పుడు మేమే తిప్పి ఇవ్వడం మా షెడ్డు పద్ధతి. అన్న నన్ను నమ్మి బస్సెక్కి వెళ్ళిపోయాడు.

మర్నాడు కార్తీక పౌర్ణమి. మా అత్తగారి వైపు వాళ్ళు సూర్యలంకలో సముద్రస్నానానికి బండి కావాలన్నారు. లేదని ఎందుకు అనలేకపోయాను? అల్లుడి గొప్ప. ఎలాగూ ట్రయలు వెయ్యాలి కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. సీట్లు చాలక పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నారు. బాపట్ల దాకా ఎక్కడా ఆపకుండా, అడ్డొచ్చిన ప్రతి బండినీ దాటుకుంటూ తోలాను. వాళ్ళు స్నానాలు చేస్తుంటే నేను కారు కిందికి వంగి హౌసింగు మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసేశాను. మాడిన ఆయిలు వాసన. అప్పుడైనా ఆగానా? వంటకు ఆలస్యమవుతుందని మా అత్తగారు తొందరపెడితే అలాగే తోలుకొచ్చాను.

షెడ్డులో ఆయిలు దించితే నల్లగా, ఇనుప రజను మెరుస్తూ వచ్చింది. కొత్త ఆయిలు పోసి బిగించేశాను. అన్నకు బండి ఇస్తూ బరువు వద్దు, స్పీడు వద్దు అని జాగ్రత్తలు కూడా చెప్పాను. ఎంత నిజాయితీపరుడిలా చెప్పానో!

నెల తిరక్కుండానే బండి ఊళ పెడుతూ తిరిగొచ్చింది.

“ఏంటి తమ్ముడూ ఇది? నేను మెల్లగానే తోలానే!”

“లోడేమన్నా ఎక్కించావా అన్నా?”

అన్న తల దించుకుని ఆలోచించాడు. “కొలకలూరులో మా మరదలి కూతురి పెళ్ళయితే వాళ్ళందర్నీ చర్చికాడ దింపా. మా ఆవిడ పోరింది. ఒక్కసారేగా! దానివల్లేనంటావా?”

“అదే అన్నా,” అన్నాను.

నోరు జారిన మాట కాదది. ఆ పెళ్ళి సంగతి వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది.

మళ్ళీ పళ్ళు వేయించే స్తోమత లేక అన్న కారును తుక్కుకు ఇచ్చేసి, ఎవరిదో లారీ మీద డ్రైవరుగా చేరాడు. అంతటితో పోలేదు. ఆ పెళ్ళికి బండి పెట్టించిందని భార్య రూతమ్మను సాధించాడు. ఆమెను తన చెల్లెలి గడప తొక్కనివ్వలేదు. తన వల్లే బండి పోయిందని ఆమె కూడా నమ్మింది.

మొన్న వానాకాలంలో రూతమ్మ పోయింది. సమాధుల దొడ్లో అందరికీ దూరంగా, గోడ పక్కన నిలబడి ఆ చెల్లెలు ఒక్కతే ఏడ్చింది. అన్న ఆమెను పెట్టె దగ్గరికి రానివ్వలేదు. పెట్టె దింపాక నా చెయ్యి పట్టుకున్నాడు.

“నువ్వు ముందే చెప్పావు తమ్ముడూ. మేమే వినలేదు.”

అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు.

ఇప్పుడు చెబితే? భార్యను ఉత్తపుణ్యానికి ఏడిపించానని తెలుసుకుని ఆయన మిగతా రోజులు బతకాలి. నేను అనుకుంటున్నది ఆయన మీద జాలేనా, లేక నా పిరికితనానికి పెట్టుకున్న మంచి పేరా? రెండోదే. అది తెలిసి కూడా రేపు వెళ్ళి చెప్పను. నా సంగతి నాకు తెలుసు. ఇది రాశాక కాస్త ఊపిరాడుతోంది. అందుకూ సిగ్గుగానే ఉంది.

ఆ పళ్ళు పాడుచేసింది నేను. రూతమ్మా, నువ్వు కాదు.