పందికొక్కు మీద ఎత్తిన కర్ర

ఇది ఒక మహాకావ్యం. ఇందులో కోట ఉంది, కోట కింద సొరంగం ఉంది, సొరంగంలో దొంగ ఉన్నాడు, దొంగ నెత్తి మీద ఆయుధం ఎత్తి నిలబడిన వీరుడున్నాడు. వీటన్నిటి మధ్య మా వంశంలో ఒక పెద్దమనిషి జీవితమంతా మోసిన నింద ఉంది.

కాదు లెండి. కోట అంటే వడ్లు పోసుకునే గుమ్మి. దొంగ అంటే పందికొక్కు. వీరుడు మోకాళ్ల దాకా పంచె కట్టిన రైతు, ఆయుధం కర్ర. ఇదంతా ఒకప్పుడు ప్రభుత్వ ప్రచార వ్యాన్‌లో ఊరూరా తిప్పిన చిన్నపాటి బొమ్మల సినిమా. వంశం అన్నది కూడా పెద్ద మాటే. మా ముత్తాత ఏం చేసేవాడో మా ఇంట్లోనే ఎవరికీ తెలియదు. నింద ఒక్కటే నిజం.

నేను సూర్యాపేటలో ఒక ఫ్లెక్సీల దుకాణంలో పనిచేస్తాను. హైదరాబాదులో యానిమేషన్ కోర్సు చేశాను. చేరేటప్పుడు తెర మీద రాక్షసుల్ని ఎగరేస్తాననుకున్నాను. ఇప్పుడు పెళ్లి పత్రికల వీడియోల్లో ఏనుగుల చేత తొండాలు ఎత్తిస్తున్నాను. ఏనుగు తొండం ఎత్తుతుంది, పూలు రాలతాయి, పూలలోంచి వరుడు వస్తాడు, వరుడి కింద అతని డిగ్రీ వస్తుంది. రోజంతా ఇదే. సాయంత్రానికి కళ్లల్లో ఇసుక పోసినట్టుంటుంది.

"అన్నా, ఏనుగు జర నవ్వాలె," అన్నాడొక పెళ్లికొడుకు తమ్ముడు.

"ఏనుగులు నవ్వయన్నా."

"మా బావ పెండ్లి పత్రికల నవ్వింది. నేను సూసిన."

ఆ ఏనుగునూ నేనే చేశాను. అది నవ్వలేదు, ఫైలు పాడై మూతి వంకర పోయింది. వాదించే ఓపిక లేక ఈ ఏనుగు మూతి కూడా వంకర చేసి పంపాను. చాలా బాగుందని ఫోన్ చేశాడు.

నాకు ఆదివారం సెలవు. ఆ సెలవును మా పెదనాన్న తీసుకున్నాడు.

పెదనాన్న బడిలో డ్రాయింగ్ మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాడు. ఉండేది కోదాడలో, పుట్టి పెరిగింది పక్కనే అనంతగిరిలో. ఆయన చిన్నప్పుడు, సాగర్ కాలువ ఇంకా తవ్వుతున్న రోజుల్లో, ఆ ఊరికి ప్రచార వ్యాన్ వచ్చిందట. పొద్దుగూకాక రెండు గుంజలకు తెల్లగుడ్డ కట్టి సినిమా వేశారు. మనుషులు నటించింది కాదు, గీసిన బొమ్మలు కదిలేది. బొమ్మ కదలడం ఆ ఊరు అంతకు ముందెప్పుడూ చూడలేదు.

ఆ సినిమాలో పందికొక్కు గుమ్మి కింద బొక్క పెడుతుంది. మొదట మర్యాదగా నాలుగు గింజలే తింటుంది. తర్వాత చుట్టాలను పిలుస్తుంది. చుట్టాలు వాళ్ల చుట్టాలను పిలుస్తారు. పైన రైతు గుమ్మి నిండుగా ఉందని మీసం దువ్వుకుంటుంటే కింద అది డొల్ల అవుతూ ఉంటుంది. చివరికి తిని తిని బలిసిన పందికొక్కు బొక్కలో ఇరుక్కుపోతుంది, తల బయట, పొట్ట లోపల. రైతు చూస్తాడు. కర్ర ఎత్తుతాడు.

అక్కడ జనరేటర్ ఆగిపోయింది. తెర నల్లబడింది. వ్యాన్ పక్కనే కూర్చున్న ఒక పిల్లవాడి కాలు వైరు మీద ఉండడం ఎవరో చూశారు. "ఈ పోరడే వైరు తొక్కిండు!" అన్నారు. ఆ పోరడు మా పెదనాన్న.

ఊరు ఆయన్ని కొట్టలేదు. అంతకంటే పెద్ద శిక్ష వేసింది, పేరు పెట్టింది. "వైరు" అయ్యాడు. పెద్దయి మాస్టారయ్యాక గౌరవం పెరిగి "వైరు సారు" అయ్యాడు. ఇప్పటికీ ఆ ఊళ్లో పెళ్లికి పోతే ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని, "సారూ, జర కింద చూసి నడువు, మైకోళ్ల వైరున్నది," అంటారు. ఆయన నవ్వుతాడు. ఇంటికొచ్చాక అన్నం తక్కువ తింటాడు.

సినిమా ఆగిన మర్నాడే ఆయన బడి గోడ మీద బొగ్గుతో మిగతా కథ గీశాడట, ఏడ్చిన పిల్లల కోసం. గీత బాగుందని పంతులు దెబ్బలు తగ్గించాడు. అలా మొదలైన గీత ఉద్యోగమైంది. రిటైరయ్యాక ఆయనకు ఒకటే పని మిగిలింది, ఆ సినిమాను పూర్తి చేయడం. ట్రేసింగ్ కాగితాల మీద ఒక్కో కదలికా ఆయన గీయాలి, వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించి నేను కదిలించాలి. తర్వాత అనంతగిరి పంచాయతీ హాల్లో, ఆనాడు ఆ గుడ్డ ముందు కూర్చున్నవాళ్లలో ఇంకా మిగిలినవాళ్లకు చూపించాలి.

"చూపించే ముందు నేను మైకుల రెండు ముక్కలు మాట్లాడతా," అన్నాడు. "ఆ రోజు మీ సినిమా ఆపింది నేనే, పూర్తి చేసి తెచ్చిన, ఇగ నన్ను ఆ పేరుతోని పిలవకండి, అని చెప్తా."

"పిలుస్తరు పెదనాన్నా. ఇంకా గట్టిగ పిలుస్తరు."

"అయితే అయింది. చెప్పాల్సింది చెప్పాలి గదా."

కాబట్టి ప్రతి ఆదివారం సూర్యాపేట నుంచి కోదాడ బస్సెక్కేవాణ్ని. ఆరు రోజులు ఏనుగులు, ఏడో రోజు పందికొక్కు. పెదనాన్న బొమ్మలు బాగుండేవి, నాకంటే బాగా గీస్తాడు. చిక్కల్లా కర్రతోనే. రైతు చేతిలో కర్ర ఎప్పటికీ కిందికి దిగేది కాదు. ఒక వారం దించాడు, మళ్లీ చెరిపేశాడు. ఒక వారం రైతుకు జాలి కలిగినట్టు గీశాడు, అది తనకే నచ్చలేదు. ఇన్నేళ్లు ఆ పందికొక్కు మొహం గీసీ గీసీ దాని మీద చుట్టరికం లాంటిది ఏర్పడింది.

"ఈ వారం గూడ కర్ర పైనే ఉన్నది పెదనాన్నా."

"దించుతా. తొందరేముంది?"

"నువ్వు దించేలోపల రైతుకు భుజం పట్టేస్తది."

"ఆ రైతుకు పింఛన్ వచ్చే ఈడయింది," అంది లోపల్నుంచి పెద్దమ్మ. "ఇద్దరూ లేస్తే నేను బల్ల మీద కంచాలు పెడతా."

అలా నెలలు గడిచాయి. ఒక వానాకాలం పొద్దున మిర్యాలగూడ నుంచి ఒకామె దుకాణానికి వచ్చింది. వాళ్ల నాన్నకు సహస్ర చంద్ర దర్శనం చేస్తున్నారట, వెయ్యి పున్నములు చూసిన పెద్దవాళ్లకు పిల్లలు జరిపే వేడుక. పత్రిక వీడియో కావాలంది. ఏనుగు వద్దంది. నాకు ఆమె మీద అప్పటికప్పుడు గౌరవం కలిగింది. తండ్రి పాత ఫోటోలు తెచ్చింది. వాటిలో ఒకదాంట్లో సన్నటి కుర్రాడు మైకు పట్టుకుని వ్యాన్ ముందు నిలబడ్డాడు. వ్యాన్ మీద గరాటు లాంటి లౌడ్‌స్పీకరుంది, వెనక గుంజలకు కట్టిన తెల్లగుడ్డ ఉంది.

"మా నాన్న ప్రచార వ్యాన్ల పనిచేసిండు," అంది. "ఈ చుట్టుపక్కల ఊర్లన్నిట్ల సినిమాలేసిండు."

పెద్దాయన గొంతు రికార్డు చేసి వీడియోలో పెడితే బాగుంటుందని చెప్పి, మర్నాడే నేరేడుచర్ల మీదుగా పోయే బస్సులో మిర్యాలగూడ వెళ్లాను. రైస్ మిల్లుల వెనక సందులో ఇల్లు. అరుగు మీద ఎండపెట్టిన బట్టల దాకా అన్నిటి మీదా సన్నటి తవుడు దుమ్ము. పెద్దాయనకు చెవుడు, అందుకని ఊరంతటికీ వినపడేలా మాట్లాడతాడు. అన్నేళ్లూ మైకు అవసరం ఆయనకు ఎందుకొచ్చిందో అర్థం కాలేదు.

పందికొక్కు సినిమా గుర్తుందా అని అడిగాను. మొహం వెలిగింది.

"ఎందుకు గుర్తుండదు! బొంబాయిల గీసిన్రట. మాటలు హిందీల ఉండె. ఎవనికి సమజ్ అయితది? సౌండ్ బంద్ వెట్టి మైకుల నేనే చెప్తుంటి. ఏ ఊరికి పోతే ఆ ఊరి ముచ్చట. పందికొక్కు సుట్టాలకు ఆ ఊరి పెద్దమనుషుల ఇంటిపేర్లు పెడ్తుంటి. సుట్టూ సూసి, వాళ్లు రాలేదంటేనే."

"అనంతగిరిల జనరేటర్ ఖరాబైంది గదా తాతా?"

"ఏ అనంతగిరి?"

"కోదాడ దగ్గరది."

"గాడ ఒక్కదగ్గరనేనా?" అని పళ్లు లేని నోటితో నవ్వాడు. "అన్ని ఊర్లల్ల గాడనే ఖరాబయ్యేది. కర్ర ఎత్తంగనే. జనరేటర్ ఒక్కనాడు గూడ ఖరాబ్ కాలే బిడ్డా. నేనే వైరు గుంజుతుంటి."

నేను రికార్డర్ వైపు చూశాను. అది బాగానే పనిచేస్తోంది.

"ఎందుకు తాతా?"

"రెండో రీలు ఉండె. అది ఏస్తే జనం లేసి పోతరు. ఒక ఊర్లె మట్టిపెడ్డలు ఇసిరిన్రు. కర్ర ఎత్తినకాడ ఆపి, జనరేటర్ పోయింది, మాఫ్ చెయ్యున్రి అంటే, అయ్యో పాపమని మాకే అన్నం వెట్టేటోళ్లు. కోడిగుడ్డు గూడ ఏస్తుండె."

"మరి ఊరోళ్లు ఎవరినో ఒకరిని అనేటోళ్లు గదా, నువ్వే ఆపినవని."

"అంటరు. మేమెన్నడూ ఎవల పేరూ చెప్పలే. ఊరికొకడు వాళ్లకే దొరుకుతడు. సూర్యాపేట దిక్కు ఒక ఊర్లె కోడిని పట్టుకున్నరు."

"నాన్నా, ఇది గూడ వీడియోల పెట్టాల్నా?" అంది కూతురు.

"పెట్టు. ఇప్పుడెవడు పెడ్డ ఇసురుతడు?"

రెండో రీలులో ఏముండేదో అడిగాను. చెప్పాడు. విన్నాక, మట్టిపెడ్డలు విసిరిన ఊరి తప్పేమీ లేదనిపించింది.

తిరుగు బస్సులో నిద్ర పట్టలేదు. మామూలుగా ఎవరైనా తమ కష్టాన్ని కొంచెం పెంచి చెబితే దాన్ని అసలు కొలతకు దించడం నాకు సరదా. స్నేహితులు తమ ప్రేమకథలు నాకు చెప్పరు. ఇప్పుడు చేతికొచ్చింది మా ఇంట్లో ఉన్న ఒకే ఒక్క పెద్ద కథ. చెప్పకుండా ఊరుకుందామా అనుకున్నాను. కానీ అనంతగిరిలో హాలు మాట్లాడడం అప్పటికే అయిపోయింది. చెప్పకపోతే పెదనాన్న వచ్చే నెల జనం ముందు నిలబడి, చేయని తప్పును మైకులో ఒప్పుకుంటాడు. ఆయనకు తెలియాలి.

ఆదివారం వెళ్లేసరికి వరండాలో కూర్చుని బ్లేడుతో పెన్సిల్ చెక్కుతున్నాడు. పెద్దమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది.

"పెదనాన్నా, నువ్వు వైరు తొక్కలేదట."

బ్లేడు ఆగింది. "ఎవరు చెప్పిన్రు?"

"ఆ రోజు మైకు పట్టుకున్నాయన. మిర్యాలగూడల ఉన్నడు. ప్రతి ఊర్లె ఆయనే ఆపేటోడట, అన్నం కోసం."

పెద్దమ్మ తల ఎత్తలేదు. "నాకెప్పుడో తెలుసు. బల్బు మార్చడం రాని మనిషి జనరేటర్ ఎట్ల ఆపుతడు?"

పెదనాన్న నవ్వలేదు. "లేదు. నేను తొక్కిన. నాకు బాగా గుర్తుంది. కాలి కింద వైరు కదిలింది. సర్రున జరిగింది. అదయినంకనే చీకటైంది."

"కదిలే ఉంటది పెదనాన్నా. అటు దిక్కు ఆయన గుంజుతున్నడు గదా."

ఆయన తన కుడికాలు వైపు చూసుకున్నాడు. చెప్పులోంచి కాలు తీసి నేల మీద పెట్టి, కాసేపు అలాగే ఉంచాడు. డెబ్బై దాటిన కాలు, మడమ పగిలింది. దాన్ని ఇన్నేళ్లూ ఆయన ఎలా చూసుకున్నాడో నాకు ఆ క్షణం దాకా తట్టలేదు. ఏదైనా జోకు వేద్దామనుకున్నాను. ఏదీ దొరకలేదు.

"అన్ని ఊళ్లల్లనా?" అన్నాడు.

"అన్ని ఊర్లల్ల. ఊరికొకరిని అనుకున్నరు. ఒక కాడ కోడిని అన్నరట."

"కోడినా?" ఆయన మొహంలో మొదటిసారి కోపం కనిపించింది. "కోడీ నేనూ ఒకటేనా?"

"కోడికి పేరు పెట్టలేదు గదా. నీకు పెట్టిన్రు," అంది పెద్దమ్మ. ఓదార్చడం ఆమె పద్ధతి అదే.

చిక్కుడుకాయలు అయిపోయాయి. ఆమె గిన్నె తీసుకుని లోపలికి పోయింది. పెదనాన్న పెన్సిల్‌ను డబ్బాలో పెట్టి మూత వేశాడు.

"సర్పంచ్‌కు హాలు వద్దని చెప్పు," అన్నాడు.

"అదేంది? బొమ్మలన్నీ అయినయి గదా. కర్ర ఒక్కటే మిగిలింది."

"ఎవరి కోసం వెయ్యాలి? ఆపింది నేను కాదు గదా."

నింద పోయినందుకు తేలికపడతాడనుకున్నాను. తేలికపడ్డట్టు లేడు, ఉద్యోగం నుంచి రెండోసారి రిటైరైనట్టున్నాడు. కాగితాల కట్టను నేనే సర్ది తాడు కట్టాను. అంత బరువుంటుందని అనుకోలేదు. బస్సుకు టైమైందని లేచి చెప్పులు వేసుకుంటుంటే వెనక నుంచి పిలిచాడు. కట్టలో పై కాగితం వైపే చూస్తున్నాడు. దాని మీద రైతు, చేతిలో కర్ర, ఇంకా పైనే.

"రెండో రీలు ఉన్నదన్నవ్ గదా. దాంట్ల కర్ర పడిందా, ఆ పందికొక్కు తప్పించుకుందా?"

అబద్ధం చెప్పడానికి అంతకంటే మంచి సమయం రాదు. కానీ పందికొక్కును చంపాలో బతికించాలో నాకు తెలియలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను.

"రెండో రీలుల పందికొక్కు లేదు పెదనాన్నా, రైతూ లేడు. బొమ్మలే లేవట. తెల్లకోటేసుకున్న ఒకాయన బల్ల ముందర నిలబడి ఎలుకల మందు కలిపేది సూపిస్తడట. నూకలల్ల జర నూనె పొయ్యాలె, మందు పుల్లతోనే కలపాలె, చేత్తోని కలపొద్దు. అయినంక చేతులు సబ్బుతోని కడుక్కోవాలె."