బంతిపూల దండ కట్టిన కారు

మొన్న మా మనవడు కొత్త కారు తెచ్చాడు. హైదరాబాదు అవతల కార్లు ఉరికించడానికే వేసిన బాట ఒకటి ఉందట, అక్కడికి మొదటిసారి పోతున్నాడు. కోడలు బారెడు బంతిపూల దండ తెచ్చి కారు ముందు జాలీకి కట్టబోతుంటే "వద్దు!" అని అరిచాను. ముసలిదానికి చాదస్తం ముదిరిందనుకుని ఉంటారు. దండను పక్కన పెట్టించి లోపలికి వచ్చి కూర్చున్నాను.

నన్ను ధర్మపురి నుంచి బోథ్‌కు ఇచ్చారు. గోదావరి ఒడ్డున పెరిగిన పిల్లను నల్లరేగడిలో పడేశామని మా అవ్వ ఏడ్చింది. మా ఆయనకు పత్తి చేను ఒక లోకం, మోటారు ఇంకో లోకం. నైజాం పాలన పోయిన కొన్నేళ్ళకు, ఊరు విడిచి వెళ్తున్న ఒక దొర దగ్గర పాత కారు కొన్నారు. దాని ఒక తలుపును తాడుతో కట్టేవాళ్ళం. హారన్ తప్ప అన్నీ మోగుతాయని నేను ఎగతాళి చేసేదాన్ని. ఆయన మాత్రం పసిపిల్లకు పోసినట్టు దానికి నీళ్ళు పోసి, తన కండువాతోనే తుడిచేవారు.

ఆ రోజుల్లో ఏటా హోలీనాటి కాముని పున్నం దాటిన ఆదివారం ఇచ్చోడ దగ్గర మొరం బయలులో జిల్లా కార్లన్నీ చేరేవి. అన్నీ అంటే ఏడో ఎనిమిదో. వకీళ్ళు, దేశ్‌ముఖులు, జిన్నింగ్ మిల్లు సేట్లు మోదుగుల కింద కుర్చీలు వేసుకుని కూర్చునేవారు. వాళ్ళ డ్రైవర్లు రెండేసి బండ్లను అవతలి గుట్ట దాకా పందెం ఉరికించి తెచ్చేవారు. మేము కారు కొనే ముందటేడు మా ఆయన సైకిల్ మీద పోయి, దూరంగా నిలబడి చూసి వచ్చారు. ఆ కుర్చీల్లో ఒకటి తనకూ వెయ్యాలని ఆయన ఆశ. నోరు తెరిచి చెప్పలేదు కానీ నాకు తెలుసు.

అందుకే మా కారులో మొదటిసారి అక్కడికి పోయే పొద్దున పెరట్లోని బంతిపూలన్నీ కోసి, మామిడాకులు దట్టంగా కలిపి, మూడు పేటల దండ కట్టాను. ముందు జాలీ కనిపించకుండా కప్పేసింది. తీరా అక్కడికి పోతే, ఒక సేటు మా ఆయనను పైనుంచి కిందికి చూసి, "ఎవరి బండి తెచ్చినవ్?" అన్నాడు. తన కారు తానే నడుపుకొచ్చే యజమానిని ఆ బయలులో ఎవరూ చూడలేదు మరి. "నాదే" అన్న మాట ఆయన నోట సగమే వచ్చింది. ఛాయ్ కూడా డ్రైవర్ల మధ్యే ఇచ్చారు. నేను కారులో కూర్చుని కొంగు నోట్లో కుక్కుకున్నాను.

డ్రైవర్లలో తెల్లగడ్డం సాయబు ఒకాయన మా దగ్గరకు వచ్చి, "సాబ్, గా దండ తియ్యుండ్రి. గాలి తగలకుంటె ఇంజన్ గరమైతది" అన్నాడు.

"మా ఇంటామె పొద్దుగాల లేచి కట్టింది. ఉండనియ్, ఏం గాదు" అన్నారు మా ఆయన.

నన్ను దింపి పందేనికి పోయారు. గుట్ట దాకా మా కారే ముందు. ఇందాకటి సేటు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు కూడా. తిరిగి వచ్చేటప్పుడు మా కారు ముందునుంచి తెల్లగా ఆవిరి లేచింది. చెట్ల దాకా రాకుండానే ఆగిపోయింది. మంచినీళ్ళ కడవ పట్టుకుని నేనే ఉరికాను. ఆయన చేతికి కండువా చుట్టుకుని రేడియేటర్ మూత తిప్పి, చేయి కాలినా ఆగకుండా నీళ్ళు పోశారు. లోపల ఠప్పున ఏదో పగిలింది.

సాయబు వచ్చి చెవి పెట్టి విన్నాడు. "అయ్యో సాబ్, కాగిన ఇంజన్ల సల్లటి నీళ్ళు పోస్తరా? పలిగింది. ఇగ నడువది."

ఎవరివో ఎడ్లు అడిగి తెచ్చి కారుకు కట్టాం. కట్టేముందు మా ఆయన ఆ దండ తెంపి, ఒక్క పువ్వు మిగలకుండా ఎడ్లకు మేత వేశారు. నా ముఖం చూడలేదు. బోథ్ దాకా ఎడ్ల వెనక స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నారు.

మళ్ళీ ఆ బయలుకు పోలేదు. కారు పశువుల కొట్టంలో ఉండిపోయి, కోళ్ళకు గూడైంది. ఎవరు అడిగినా, "నీళ్ళు ఆగమాగం పోసిన, తప్పు నాదే" అనేవారు. దండ మాట ఎన్నడూ ఎత్తలేదు. నేను పక్కనే తలవంచుకుని వినేదాన్ని. రేపు చెబుదాం, మాపు చెబుదాం అనుకుంటూనే ఇద్దరం ముసలివాళ్ళమయ్యాం.

మొన్న దండ ఎందుకు వద్దన్నావని మనవడు అడిగితే అంతా చెప్పాను. ఆ తప్పు నాదని బయటికి అనడానికి నాకు ఇన్నేళ్ళు కావలసి వచ్చింది. వినవలసిన మనిషికి అన్నేళ్ళు లేకపోయాయి.