మిరప బాబాయి వేళ్లు

మా కూరగాయల గోదాములో మిరప బాబాయిని ఎరగనివాళ్లు లేరు. చిన్నప్పుడే చూపు పోయింది. అయినా పచ్చిమిరపకాయలు ఏరడంలో కళ్లున్న మేమంతా ఆయన ముందు దిగదుడుపే. కాయ ముట్టుకుని, "ఇది ముడత పడింది, ఈ పూటే వాడుకోవచ్చు. ఇది జిగురెక్కింది, పారెయ్. దీనికి తొడిమ మెత్తబడింది, రేపటికి లోపల బూజే" అని గడగడా చెప్పేవాడు. తడికాయ ఒక్కటి పెట్టెలో పడిందా, ఇక మా పని అయిపోయినట్టే. "చల్లగదిలో పడేస్తే చాలనుకుంటారు మొద్దుల్లారా! ఆరబెట్టి, కాగితం పరిచి సర్దితేనే రెండు మూడు వారాలు నిలిచేది" అని దులిపేసేవాడు. నన్నయితే వాగుడుకాయ అనేవాడు. నిజమే, నా నోట్లో నువ్వుగింజ నానదు.

రెండేళ్ల కిందట షుగరు ఆయన వేళ్లలో స్పర్శను తినేసింది. "తిమ్మిరి, అంతే" అని కొట్టిపారేసేవాడు. ఆ షెడ్డులో మిరప ఘాటుకు ఎవరి ముక్కూ పనిచేయదు కాబట్టి ఆయనకు కుళ్లు వాసనా అందేది కాదు. పక్కనే కూర్చుని కాయలేరే ఆయన భార్య, మా పిన్ని, సంగతి కనిపెట్టింది. ఆయన నింపిన పెట్టెను చల్లగదిలో పెట్టొస్తానని పట్టుకెళ్లి, గోడ వెనక కూర్చుని మొత్తం మళ్లీ ఏరేది. ఒకరోజు నా కంటపడింది.

"ఈ పనొక్కటే ఆయన్ని మనిషిగా నిలబెడుతోందే. నీ నోరు అదుపులో పెట్టుకో తల్లీ, నీకు దణ్ణం పెడతాను" అంది.

రెండేళ్లు అదుపులో పెట్టుకున్నాను. ఎలా పెట్టుకున్నానో నాకే ఆశ్చర్యం.

మొన్న పిన్ని జ్వరమొచ్చి మూడు రోజుల్లో పోయింది. రెండు వారాలకు బాబాయి పనిలోకి వచ్చాడు. ఆ సాయంత్రమే మేనేజరు ఆయన పెట్టె తెచ్చి ముందు గుమ్మరించాడు. సగానికి సగం కుళ్లు.

"ఇది లోపలికి పోయుంటే గదంతా బూజు పట్టేది! చేతకాకపోతే ఇంట్లో కూర్చో!"

బాబాయి లేచి నిలబడ్డాడు. "ముప్ఫై ఏళ్లలో నా పెట్టెలో ఒక్క కుళ్లుకాయ లేదు. ఎవరో మార్చారు." నా వైపు తిరిగాడు. "నువ్వే కదూ! ఆవిడ అటు పోయిందో లేదో, ఇటు నా చోటుకే ఎసరు పెట్టావా?"

ఒళ్లు మండిపోయింది. "నాకేం ఖర్మ మార్చడానికి? రెండేళ్లుగా మీ పెట్టెలన్నీ మళ్లీ ఏరి పెట్టింది పిన్ని!" అనేశాను. అన్న మరుక్షణం నాలుక కోసేసుకోవాలనిపించింది.

ఆయన కిందికి వంగి, తడుముకుని ఒక కాయ తీసి నా ముందుకు చాపాడు. రసం ఆయన వేళ్ల మీదుగా కారుతోంది.

"ఇది గట్టిగానే ఉందిగా?"

"లేదు బాబాయ్."

దాన్ని మిగతా కుళ్లుకాయల్లోకి జారవిడిచాడు.

"చేతులు మండి నిద్ర పట్టట్లేదని ఏడ్చేదమ్మా మీ పిన్ని" అన్నాడు. "నేను ఏరేదాంట్లో సగమైనా ఏరవు, నాటకాలాపి పడుకో అనేవాణ్ణి. జ్వరమొచ్చిన రోజు కూడా అదే అన్నాను."