ఫిరంగి మీది అంకె

2003లో గుంటూరు మిర్చి యార్డుకు దగ్గర్లో నాకో కంప్యూటర్ సెంటర్ ఉండేది. పగలు బిల్లులు టైపు చేసేవాళ్ళం. సాయంత్రమైతే యార్డు గుమాస్తాలు గేములకు వచ్చేవారు. వాళ్ళకు కారు రేసులకంటే ఒక వార్‌గేమ్ మీద మోజు. తుపాకిమందు కూరి ఫిరంగులు పేల్చిన కాలపు యుద్ధాలు. ఇద్దరు ఒకే మెషిన్ మీద వంతులవారీగా సైన్యాలు నడపాలి.

తెరమీద ప్రతి ఫిరంగి దళానికీ ఒక లేబుల్ ఉంటుంది. పైన 12 ఎఫ్ అనో 6 హెచ్ అనో, దాని కింద ఒక చిన్న అంకె. ఎఫ్ అంటే ఫుట్, నడిచి వెళ్ళే దళం. హెచ్ అంటే హార్స్, గుర్రాల మీద వేగంగా కదిలేది. ఇంతవరకే నాకు సరిగ్గా తెలుసు. పై అంకె ఫిరంగుల సంఖ్య, కింది అంకె మిగిలిన మందుగుండు అని అందరికీ నేనే చెప్పాను. ఎవరూ అనుమానపడలేదు. యార్డులో మిర్చి లాటు మీద పన్నెండు అని ఉంటే పన్నెండు టిక్కీలే, అంటే పన్నెండు బస్తాలే. అంకె కనబడితే లెక్క అనుకోవడం మాకు అలవాటు. గేమ్‌లోనే హెల్ప్ ఫైల్ ఉంది. నేను తెరవలేదు.

మస్తాన్ వలీ ముప్పయ్యేళ్ళవాడు, ఇద్దరు పిల్లల తండ్రి. మిషన్ కుట్టే పని వదిలి నా దగ్గర కోర్సు చేశాడు. ఒక ప్రైవేటు కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటు ఉద్యోగం దాదాపు ఖాయమైంది. నా మాట కోసమే ఆగారు.

ఒక ఆదివారం గుమాస్తా సుబ్బారావుతో ఆడుతూ, మస్తాన్ తన 6 హెచ్ దళంతో అవతలి 12 ఎఫ్‌ను తుడిచిపెట్టాడు.

“ఏరా, ఆరు ఫిరంగులు పన్నెండింటిని ఎట్టా మింగుతాయిరా? గేమ్ ఎక్కించింది నువ్వేగా, ఫైళ్ళలో ఏం కెలికావు?” అని సుబ్బారావు లేచాడు.

మస్తాన్ నవ్వాడు. “ఆరనేది గుండు బరువన్నా, ఆరు పౌన్లు. కింద ఎనిమిదుంది చూడు, ఫిరంగులు అవీ. నీకున్నవి రెండే.” నా వైపు తిరిగి, “కాల్చినా కింది అంకె తగ్గట్లేదు కద సార్. ఫిరంగి పోతేనే తగ్గుతోంది. హెల్ప్‌లో ఉంది, తెరవమంటారా?” అన్నాడు.

“సారుకే పాఠం చెబుతున్నాడ్రోయ్!” వెనకనుంచి ఎవరో అన్నారు. అందరూ నా మొహం చూశారు.

“మెషిన్ ముట్టుకోకు. దొంగాటలు ఇక్కడ కాదు, బయటికి నడువు” అన్నాను.

మర్నాడు కాలేజీ కరస్పాండెంటు ఫోన్ చేశాడు. “పనిమంతుడేనండీ. ఫైళ్ళు కెలికే అలవాటుంది” అన్నాను. వేరే మనిషిని చూసుకుంటామన్నాడు.

ఆ వారమే హెల్ప్ తెరిచాను. పై అంకె పౌండర్, అంటే పౌన్లలో గుండు బరువు. మస్తాన్ చెప్పిందే ఉంది. కాలేజీలో ఇంకా ఎవరినీ తీసుకోలేదు. ఒక్క ఫోన్ చేస్తే సరిపోయేది. గుమాస్తాల దగ్గర పలచనవుతానని చేయలేదు.

చాలా ఏళ్ళకు ప్రత్తిపాడులో మస్తాన్ కుట్టుమిషన్ ముందు నిలబడి అంతా చెప్పాను. అతను పని ఆపలేదు.

“అన్నది అందరి ముందు సార్. ఇవాళేమో ఒక్కరే వచ్చారు.”

ఇంటికొచ్చి సుబ్బారావుకు ఫోన్ చేశాను. ఆ గేమ్ పేరు చెప్పినా, ఫిరంగులు గుర్తుచేసినా అతనికి ఏమీ తట్టలేదు. మస్తాన్ పేరు చెప్పగానే మాత్రం, “ఆఁ, ఆ దొంగాటగాడా?” అన్నాడు.

కాదని చెప్పాను. “పోనీలెండి సార్, ఇప్పుడెందుకవన్నీ” అన్నాడు. జనం కారణాన్ని మర్చిపోతారు, నిందను దాచుకుంటారు. నేనే వేశాను కాబట్టి, వేడి మీద ఉన్నప్పుడు నేనొక్కణ్ణే తీయగలిగేవాణ్ణి. ఇప్పుడు అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెబుతున్నాను. వినే తీరిక ఎవరికీ లేదు.